పదకొండు సెంటీమీటర్ల తేడా, మేడమ్‌కి చెప్పలేని భయం

ముందు ఉత్తరం చదవండి. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు.

"అక్కా, నమస్తే. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చేసి జూన్ నుంచి బెంగుళూరులో ఒక ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. కన్ను చూసినదాన్ని మెదడు ఎలా అర్థం చేసుకుంటుందో చూసే ల్యాబ్. తలకి క్యాప్ పెట్టి ఈఈజీ (మెదడు నుంచి వచ్చే విద్యుత్ సిగ్నల్) తీస్తాం, ఎదురుగా స్క్రీన్ మీద నల్ల తెల్ల చారలు చూపిస్తాం. కుర్రవాళ్ళకీ అరవై దాటిన వాళ్ళకీ తేడా ఏమిటన్నది ప్రాజెక్టు. ఆగస్టులో ఒకరోజు, పొడుగువాళ్ళ మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయని, గడ్డం ఆనించే స్టాండుని నేనే కాస్త వెనక్కి బిగించాను. కొలవలేదు. మొన్న బల్ల తుడుస్తుంటే పాత టేపు గుర్తు కనిపించింది. కంటికీ స్క్రీన్‌కీ మధ్య 57 సెంటీమీటర్లు ఉండాల్సింది 68 ఉంది. అప్పటికే తొమ్మిది మందికి రికార్డింగ్ అయిపోయింది, తొమ్మిది మందీ పెద్దవాళ్ళే. స్టాండు మళ్ళీ పాత చోటికి జరిపేశాను, మేడమ్‌కి చెప్పలేదు. ఒక సీనియర్‌కి చెబితే 'వదిలెయ్, యావరేజ్‌లో కలిసిపోతుంది, చెబితే నీ కాంట్రాక్టే పోతుంది' అన్నాడు. దసరాకి ఇంటికొచ్చాను, నిద్ర పట్టడం లేదు. నాన్న ఎలాగూ బీఎడ్ చెయ్యమంటున్నారు, ఎవరికి పనికొచ్చే ఉద్యోగం అది అంటున్నారు. నాకు కోడింగ్ రాదు, ల్యాబ్‌లో ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్. రాజీనామా చేసి ఇక్కడే ఉండిపోతే ఈ విషయం ఇక్కడితో మూసుకుపోతుందా? ఆదివారం పలాసలో రైలు."

చెల్లీ,

చెప్పాలి. ఆదివారం రైలెక్కే లోపే చెప్పాలి. బీఎడ్, కోడింగ్, ఇంగ్లీషు, నాన్నగారి మాట, ఇవన్నీ నిజమైన బెంగలే, వాటి గురించి కూడా రాస్తాను, కానీ నువ్వు వాటన్నిటినీ ఈ స్టాండు సంగతితో కలిపి ఒకే మూట కట్టేశావు, మూట మొయ్యలేక మొత్తం అక్కడే పడేసి వచ్చేద్దామనుకుంటున్నావు. నువ్వు వచ్చేసినా ఆ తొమ్మిది ఫైళ్ళూ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. వాటిలో 57 అనే రాసి ఉంటుంది. రేపు ఎవరో కొత్త పిల్లో పిల్లాడో వాటిని తెరిచి లెక్క కడతారు, ఆ అంకె తప్పని వాళ్ళకి చెప్పే వాళ్ళుండరు. నీ సీనియర్ చెప్పడు. నువ్వు పర్లాకిమిడిలో ఉంటావు.

నేనూ ఆ పని చేసినదాన్నే. ఇప్పుడు గుణుపూర్‌లో కాలేజీలో పాఠాలు చెప్తున్నాను గానీ, అంతకు ముందు మూడేళ్ళు ఒక కంటి పరిశోధన ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. అందుకే నీ ఉత్తరంలో 57 అన్న అంకె చూడగానే మిగతాది చదవకుండానే కడుపులో తిప్పింది.

ఆ 57 ఏమిటో నీకు తెలుసు, కానీ ఈ ఉత్తరం నాన్నగారికి కూడా చదివి వినిపించు అని అడగబోతున్నాను కాబట్టి విడమరిచి రాస్తాను. ఒక వస్తువు ఎంత పెద్దదో మన కంటికి సెంటీమీటర్లలో తెలియదు. దగ్గరుంటే పెద్దగా, దూరమైతే చిన్నగా కంటి లోపలి తెర మీద బొమ్మ పడుతుంది, ఆ బొమ్మ సైజుని కోణంలో కొలుస్తారు. చెయ్యి బారుగా చాచి బొటనవేలు చూస్తే దాని వెడల్పు సుమారు 2 డిగ్రీలు. కంటికి సరిగ్గా 57 సెంటీమీటర్ల దూరంలో పెడితే 1 సెంటీమీటరు వస్తువు 1 డిగ్రీ అవుతుంది, లెక్క తేలిగ్గా ఉంటుందని చాలా ల్యాబ్‌లు ఆ దూరమే పెట్టుకుంటాయి. ఇప్పుడు మీ స్క్రీన్ మీద 4 సెంటీమీటర్ల గుండ్రంలో చారలు చూపిస్తున్నారనుకుందాం. 57 దగ్గర అది 4 డిగ్రీలు. 68 దగ్గర దాదాపు 3.4 డిగ్రీలే. చారలు కూడా సన్నబడతాయి, డిగ్రీకి 2 నల్ల తెల్ల జతలు ఉండాల్సినవి 2.4 దాకా వెళ్తాయి. తల వెనక భాగంలో చూపు పని చూసే మెదడుకి ఈ రెండూ ముఖ్యమే, గుండ్రం ఎంత పెద్దది, చారలు ఎంత సన్నం అన్నదాన్ని బట్టి అది ఇచ్చే సిగ్నల్ మారుతుంది. అంటే ఆ తొమ్మిది మందీ చూసింది మిగతావాళ్ళు చూసిన బొమ్మ కాదు.

మీ సీనియర్ యావరేజ్ మాట అన్నాడు కదా, అది సగం నిజం, అందుకే ప్రమాదం. మెడ కదపడం, బయట లిఫ్టు కదిలినప్పుడు వచ్చే గలభా, ఇవి ఒకసారి పైకి ఒకసారి కిందికి ఉంటాయి, వందలసార్లు చూపించి తీసినవన్నీ కలిపి సగటు తీస్తే కొట్టుకుపోతాయి. దూరం తప్పు అలాంటిది కాదు. సంతలో జీడిపప్పు తూచేవాడి త్రాసు పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటుకుని ఉందనుకో, నువ్వు ఒక్కసారి తూయించినా వందసార్లు తూయించినా అంతే తగ్గుతుంది, వందసార్ల సగటు తీస్తే ఆ తప్పు ఇంకా గట్టిపడి కూర్చుంటుంది తప్ప పోదు.

పైగా నీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టిన ముక్క ఒకటుంది, నువ్వు దాన్ని దాటేశావు. తొమ్మిది మందీ పెద్దవాళ్ళే. మీ ప్రాజెక్టు ప్రశ్నే కుర్రవాళ్ళకీ పెద్దవాళ్ళకీ తేడా ఏమిటని. కుర్రవాళ్ళు 57లో కూర్చున్నారు, పెద్దవాళ్ళలో కొందరు 68లో కూర్చున్నారు. రేపు గ్రాఫులో రెండు గీతలు దూరంగా వస్తే అది వయసు వల్ల వచ్చిన తేడానా, నువ్వు బిగించిన స్క్రూ వల్ల వచ్చిన తేడానా? ఎవరూ చెప్పలేరు. "వయసు మీదపడితే మెదడు చూపు ఇలా మారుతుంది" అని ఒక పేపరు అచ్చవుతుంది, దాన్ని నమ్మి ఇంకో ల్యాబ్ డబ్బూ ఏళ్ళూ పెడుతుంది. తొమ్మిది మంది ముసలివాళ్ళు బెంగుళూరు ట్రాఫిక్‌లో వచ్చి, తలకి జెల్ పూయించుకుని, గంటన్నర గడ్డం ఆనించుకుని కదలకుండా కూర్చున్నారు. వాళ్ళు ఇచ్చిన సమయానికి మనం బాకీ ఉన్నాం.

నిన్ను భయపెట్టాలని ఇదంతా రాయడం లేదమ్మా. ఇప్పుడు ఇది సరిదిద్దగలిగే తప్పు, నెల్లాళ్ళు పోతే కాదు. ఎందుకంటే నీ దగ్గర అంకె ఉంది. 68 అని తెలుసు, ఎవరెవరో తెలుసు. దాన్ని బట్టి ఒక్కొక్కరికీ అసలు కోణం మళ్ళీ లెక్క కట్టొచ్చు, విడిగా చూడొచ్చు, లేదా ఆ పెద్దవాళ్ళని మళ్ళీ పిలిచి తీయొచ్చు, లేదా తొమ్మిదీ పక్కన పెట్టి కొత్తవాళ్ళని తీసుకోవచ్చు. ఏది చెయ్యాలో మీ మేడమ్ నిర్ణయిస్తారు, ఎథిక్స్ కమిటీకి రాయాలో వద్దో కూడా ఆవిడే చూసుకుంటారు. ఆ నిర్ణయం నీది కాదు. నీ సీనియర్‌ది అసలే కాదు. ఆవిడ చేతికి అంకె ఇవ్వడం వరకే నీ పని.

నా సంగతి చెప్తాను. మా ల్యాబ్‌లో పిల్లలకి ఒక కన్ను మూసి రెండో కంటికి చదరంగం గళ్ళు చూపించేవాళ్ళం. నల్ల గళ్ళు తెల్లగా, తెల్లవి నల్లగా మారిన ప్రతిసారీ దాదాపు 100 మిల్లీసెకన్లకి తల వెనక సిగ్నల్ పట్టే ఎలక్ట్రోడ్‌లో ఒక చిన్న గుబ్బ లేస్తుంది, ఆ గుబ్బ ఎంత ఎత్తు, ఎంత ఆలస్యం అన్నది చూస్తారు. ఒక ఆరేళ్ళ బాబు వచ్చాడు, ఎడమ కంటికి చూపు మందం. పట్టీ అంటే వాడికి పడదు, లాగి పీకేసి ఏడుపు. వాళ్ళమ్మ వాణ్ణి ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్ళి నీళ్ళు తాగించి తెచ్చింది, నేను గబగబా దూది సర్ది మళ్ళీ పట్టీ అంటించాను. షీటులో ఏ కన్నో ముందే రాసేసి ఉంది, చూడనేలేదు. సాయంత్రం గ్రాఫులు తెరిస్తే బాగున్న కంటికి గుబ్బ చిన్నదిగా, మందంగా ఉన్న కంటికి నిటారుగా లేచింది. ఒక్క క్షణంలో అర్థమైంది, పట్టీ రెండో కంటికి వేశాను. ఫోల్డర్ మూసేసి హాస్టల్‌కి వెళ్ళిపోయాను.

పది రోజులు చెప్పలేదు. ఆ పది రోజులూ అన్నం సయించలేదు, సార్ నా పేరు పిలిస్తే చేతులు చల్లబడేవి. పదకొండో రోజు వెళ్ళి చెప్పాను. ఆయన నోటుబుక్ తెమ్మన్నారు, పేజీ తిప్పి తేదీ చూశారు, "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. తప్పు గురించి ఒక్క మాటా అనలేదు, పది రోజుల గురించే అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు నన్ను రికార్డింగ్‌కి పంపలేదు, కూర్చోబెట్టి పాత షీట్లన్నీ సరిచూడమన్నారు. బాబు వాళ్ళమ్మకి నేనే ఫోన్ చేశాను, ఒడియాలో, నా వల్ల పొరపాటు జరిగింది మళ్ళీ రావాలి అని. ఆవిడ ఒక పూట కూలి మానుకుని బస్సులో వచ్చింది. బస్సు ఛార్జీ ల్యాబ్ ఇచ్చింది, కూలి ఎవరూ ఇవ్వలేదు. మాది పరిశోధన రికార్డే, వాడి వైద్యం దాన్ని బట్టి జరగదు, అయినా ఆవిడ బాబుని ఒళ్ళో పెట్టుకుని "ఈసారి సరిగ్గా చూడమ్మా" అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తుంది.

కాబట్టి నీకు తిట్లు పడవు, అందరూ మెచ్చుకుంటారు అని నేను చెప్పను. మేడమ్‌కి కోపం రావచ్చు. కొన్నాళ్ళు రికార్డింగ్ గది తాళం నీకు ఇవ్వకపోవచ్చు. కాంట్రాక్టు పోతుందా అంటే, నిజాయితీగా వచ్చి చెప్పిన మొదటి తప్పుకి పంపించేసే ల్యాబ్ అయితే అక్కడ నువ్వు నేర్చుకునేది కూడా పెద్దగా ఉండదు. నేను చూసినంతలో ల్యాబ్ పెద్దలకి నిద్ర పట్టకుండా చేసేది తప్పు చేసే అసిస్టెంట్ కాదు, ఏ ఫైలుని నమ్మొచ్చో తెలియకుండా చేసే అసిస్టెంట్.

ఎలా చెప్పాలో రాస్తాను. ఫోన్‌లో ఏడుస్తూ చెప్పొద్దు, నేరుగా వెళ్ళేదాకా ఆగొద్దు కూడా, ఆగితే సోమవారం మళ్ళీ మంగళవారం అవుతుంది. ఈ రాత్రే చిన్న మెయిల్ పెట్టు. "మేడమ్, నా వల్ల ఒక తప్పు జరిగింది. ఆగస్టులో చిన్ రెస్ట్ వెనక్కి బిగించి దూరం కొలవలేదు. మొన్న కొలిస్తే 57 బదులు 68 సెంటీమీటర్లు ఉంది. ఆ మధ్యలో తీసిన తొమ్మిది మంది కోడ్ నంబర్లు, తేదీలు కింద ఇచ్చాను. చూసిన రోజే స్టాండు పాత గుర్తుకి జరిపాను, ఆ తేదీ కూడా రాశాను. ఫైళ్ళు వేటినీ ముట్టుకోలేదు. చూసిన వెంటనే మీకు చెప్పకపోవడం కూడా నా తప్పే. సోమవారం వచ్చి మాట్లాడతాను." అంతే. నీ ఇంగ్లీషు ఎలా ఉన్నా ఈ ఎనిమిది వాక్యాలు రాయగలవు. క్షమాపణలు నాలుగు పేరాలు రాయకు, చదివేవాళ్ళకి అంకెలు కావాలి. సీనియర్ పేరు ఎత్తకు, ఆయన ఏమన్నాడన్నది ఇక్కడ అవసరం లేదు. ఆయనకి మాత్రం ముందుగా ఒక మెసేజ్ పెట్టు, నేను మేడమ్‌కి చెప్తున్నాను అని, అడగడానికి కాదు, తెలియజేయడానికి.

ఫైళ్ళు వేటినీ ముట్టుకోలేదు అన్న వాక్యం నిజమై ఉండాలి సుమా. షీట్లలో 57 కొట్టేసి 68 రాసి పెట్టాలని అనిపిస్తుంది, రాయకు. పాత అంకె పాత అంకెలాగే ఉండాలి, పక్కన తేదీ వేసి "తర్వాత కొలిస్తే 68" అని ఇంకో వాక్యం రాయాలి. స్టాండు ఏ తేదీన జరిపావో సరిగ్గా గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాయి, ఏ ఇద్దరి మధ్య జరిగి ఉంటుందో రాయి. స్క్రూ వదులై మధ్యలో ఇంకాస్త జరిగి ఉండొచ్చా అన్నది కూడా రాయి. మీ గదిలో ఐ ట్రాకర్ (చూపు ఎటుందో పట్టే కెమెరా) ఉంటే మేడమ్‌ని అడుగు, కొన్ని రకాలు కంటి దూరాన్ని కూడా రికార్డు చేస్తాయి, అదృష్టం బాగుంటే తొమ్మిది మందికీ అసలు దూరం అందులోనే దొరుకుతుంది. ఆ రోజుల్లో గదిలో సరదాగా తీసుకున్న ఫోటోలున్నా వెతుకు, బల్ల మీద స్టాండు ఎక్కడుందో కనిపిస్తే అదీ సాక్ష్యమే.

ఇక నాన్నగారు అడిగినదానికి. ఎవరికి పనికొస్తుంది ఈ ఉద్యోగం?

1950ల చివర్లో అమెరికాలో హ్యూబెల్, వీజెల్ అని ఇద్దరు, పిల్లి మెదడులో చూపుకి సంబంధించిన ఒక్కొక్క కణం దేనికి స్పందిస్తుందో వెతుకుతున్నారు. గాజు పలక మీద నల్ల చుక్క పెట్టి చూపిస్తున్నారు, గంటలు గడిచినా కణం పలకడం లేదు. పలక మారుస్తుంటే ఒక్కసారిగా టపటపమని పేలడం మొదలెట్టింది. చుక్కకి కాదు, పలక లోపలికి జారుతున్నప్పుడు దాని అంచు వేసిన సన్నని గీత లాంటి నీడకి. ఆ గీత ఒక కోణంలో ఉంటేనే కణం పలుకుతోంది. మెదడు లోకాన్ని గీతలు గీతలుగా చూడటం మొదలుపెడుతుందని అలా తెలిసింది, 1981లో నోబెల్ వచ్చింది. చుక్క చూపించాం కాబట్టి చుక్కే అని రాసేసుకుని ఉంటే అది దొరికేది కాదు. తెర మీద నిజంగా ఏమి పడిందో చూశారు. చెల్లీ, నీ 68 సెంటీమీటర్లు కూడా ఆ జాతి సంగతే, అక్కడ నిజంగా ఏమి చూపించామన్నదే.

వాళ్ళే తర్వాత పిల్లి కూనలకి పుట్టిన కొత్తల్లో ఒక కన్ను మూసి ఉంచారు, కొన్ని నెలలకి తెరిచారు. కన్ను బాగానే ఉంది, మెదడు మాత్రం ఆ కంటి మాట వినడం మానేసింది. పసిపిల్లలకి పుట్టుకతో శుక్లం ఉంటే పెద్దయ్యాక చూద్దాంలే అనకుండా త్వరగా ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్లు ఎందుకు తొందరపెడతారో నాన్నగారికి ఇది చెబితే అర్థమవుతుంది. మన వైపు ఊళ్ళలో అలా ఆలస్యమైపోయిన పిల్లలు ఆయనకీ తెలిసే ఉంటారు. ఆలస్యమైతే ఇక ఏమీ రాదా అంటే, దానికి జవాబు కూడా మన దేశం నుంచే వచ్చింది. పవన్ సిన్హా గారు ఢిల్లీలో ప్రాజెక్ట్ ప్రకాశ్ కింద, పుట్టు శుక్లంతో ఎనిమిదేళ్ళు, పదిహేడేళ్ళు వచ్చేదాకా చూపు లేకుండా ఉన్న పిల్లలకి ఆపరేషన్ చేయించి, తర్వాత వాళ్ళు ఎలా చూస్తున్నారో పరీక్షించారు. పుట్టుకతో చూపు లేనివాళ్ళకి చూపు వస్తే, చేత్తో తడిమి తెలుసుకున్న వస్తువుని కంటితో చూసి పోల్చుకోగలరా అని 1688లో ఒకాయన అడిగిన ప్రశ్న ఒకటుంది, మూడు వందల ఏళ్ళు జవాబు లేదు. 2011లో వచ్చిన పేపరులో ఐదుగురు పిల్లలతో చేసి చూపించారు, ఆపరేషన్ అయిన వెంటనే పోల్చుకోలేరు, కానీ కొద్ది రోజుల్లోనే నేర్చేసుకుంటారు. అలాంటి పనిలో పిల్లల ఎదురుగా కూర్చుని వస్తువు చేతికిచ్చి, ఏమి చెప్పారో చెప్పినట్టు రాసే మనుషులు కావాలి. అదే రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగం. నాన్నగారికి ఇది చదివి వినిపించు.

కోడింగ్ రాదన్నావు. నాకూ రాదు చేరినప్పుడు. మొత్తం నేర్చుకోవాలని కూర్చుంటే భయమేస్తుంది, ఒక్క చిన్న పని పెట్టుకో. దూరం, సెంటీమీటర్లలో సైజు ఇస్తే కోణం చెప్పే నాలుగు లైన్ల పైథాన్ స్క్రిప్టు రాయి, టాన్ ఫార్ములా నువ్వు ఇంటర్‌లో చదివిందే. అది రాశాక మీ తొమ్మిది మంది లెక్క అందులో వేసి మేడమ్‌కి చూపించు. తర్వాత ఏది నేర్చుకోవాలో మీ ల్యాబ్ పనే చెప్తుంది.

ఇంగ్లీషు గురించి నేను ఎక్కువ రాయను, ఆర్నెల్లలో అదే వస్తుంది. కానీ నీ దగ్గరున్న రెండు భాషల సంగతి మాట్లాడాలి, ఎందుకంటే నువ్వు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఈఈజీ గదికి వచ్చే పెద్దవాళ్ళలో తెలుగువాళ్ళుంటారు, ఒడియావాళ్ళుంటారు. తల స్నానం చేసి నూనె రాయకుండా రండి అని ముందు రోజు ఫోన్‌లో వాళ్ళ మాటలో చెప్పకపోతే ఏమవుతుందో నీకు తెలుసు, కొబ్బరినూనె జడకి ఎలక్ట్రోడ్ ఎంతసేపు రుద్దినా రెసిస్టెన్స్ దిగదు. ఐ ట్రాకర్ ఉంటే కాటుక కూడా వద్దనాలి, నల్లటి కాటుక గీతని కెమెరా కనుపాప అనుకుంటుంది. "మధ్యలో ప్లస్ గుర్తు మీదే చూపు నిలపండి" అంటే కొందరు ఊపిరి బిగబట్టి, పళ్ళు బిగించి చూస్తారు, దవడ కండరాల గలభా అంతా రికార్డింగ్‌లోకి వచ్చేస్తుంది. "దేవుడి గుళ్ళో దీపం చూసినట్టు చూడమ్మా, కళ్ళు ఆర్పాలనిపిస్తే చారలు పోయాక ఆర్పుకో" అని నేనొక ముసలమ్మకి చెబితే ఆ రోజు వచ్చినంత శుభ్రమైన రికార్డింగ్ ఆ నెలలో ఇంకోటి రాలేదు. ఇలాంటివి ఇంగ్లీషు ఒక్కటే వచ్చిన వాళ్ళు చెయ్యలేరు.

ఇంకోటి. మీ సమ్మతి పత్రం తెలుగులో ఉంటే ఒకసారి తీసి చదువు. నేను చూసిన చాలావాటిలో "ఈ అధ్యయనమునందు పాల్గొనుటకు నా సమ్మతిని తెలియజేయుచున్నాను" లాంటి వాక్యాలే ఉంటాయి, సంతకం పెట్టే మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా బతికింది మీ ఊళ్ళోనే, సవరల మధ్య కూర్చుని వాళ్ళ భాష చెవులతో విని రాసుకున్నది ఆ కొండల్లోనే. ఆ ఊరి పిల్లవి, ఆ పత్రాన్ని మనుషులు మాట్లాడుకునే తెలుగులోకి మార్చి మేడమ్‌కి ఇవ్వు. నేరుగా వాడకూడదు, కమిటీ ఒప్పుకున్నాకే వాడాలి, కానీ ఎవరో ఒకరు రాసి ఇస్తే గదా కమిటీ దాకా వెళ్ళేది.

బీఎడ్ గురించి. మంచి చదువే, నేను టీచర్‌నే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ భయపడి చేరేదైతే వద్దు. వచ్చే ఏడాది కూడా ఉంటుంది అది. డబ్బు లెక్క నాన్నగారికి స్పష్టంగా చెప్పు, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి (నెట్ పరీక్ష నెగ్గినవాళ్ళకిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వేరు, నెట్ లేకుండా ప్రాజెక్టు మీద చేసేవాళ్ళకి అంతకన్నా తక్కువ. కాబట్టి ఈ ల్యాబ్‌లో ఉండగానే లైఫ్ సైన్సెస్‌లో నెట్ రాయి, సాయంత్రాలు దానికి పెట్టు. కాంట్రాక్టు ఎప్పటిదాకా, పొడిగిస్తారా అన్నది నోటి మాటగా కాకుండా మెయిల్‌లో అడుగు. పేపరులో నీ పేరు రచయితల్లో ఉంటుందా, కృతజ్ఞతల్లో ఉంటుందా అని కూడా అడగాలి, అయితే ఈ నెల కాదు. ముందు ఈ తొమ్మిది ఫైళ్ళ సంగతి తేలనీ.

అంతా తేలాక కూడా నీకు ఆ గది నచ్చలేదనుకో, చీకటి గదిలో గంటలు కూర్చోవడం, అవే చారలు వందసార్లు చూడటం నా వల్ల కాదనుకో, అప్పుడు వచ్చెయ్. అప్పుడు రాజీనామా చేస్తే నాకేమీ అభ్యంతరం లేదు, బీఎడ్ ఫారం నింపడానికి నేనే సాయం చేస్తాను.

తిరిగి వెళ్ళాక చెయ్యాల్సింది ఒకటి. మీ సెషన్ షీటులో పైనే ఒక గడి గీయించు, "ఈ రోజు కొలిచిన దూరం" అని, ముందే 57 అచ్చు వేసి ఉండకూడదు, ఖాళీగా ఉండాలి, ప్రతి మనిషికీ గడ్డం ఆనించాక కంటి చివర నుంచి స్క్రీన్ దాకా కొలిచి చేత్తో రాయాలి. బల్ల మీద స్టాండు కాళ్ళ చుట్టూ కొత్త టేపు అంటించి తేదీ వెయ్యి. కొలవడానికి బట్టలు కుట్టే టేపు పట్టుకెళ్ళకు, పాతబడితే సాగుతుంది. పర్లాకిమిడిలో ఏ ఇనుప సామాన్ల కొట్లోనైనా స్టీలు టేపు దొరుకుతుంది, శనివారం సాయంత్రం ఒకటి కొనుక్కుని బ్యాగులో వేసుకో. మెయిల్ పెట్టాక నాకు ఒక మెసేజ్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే, మేలుకునే ఉంటాను.

మీ అక్క,
గుణుపూర్